దిగమన్నది మనమే

మురుగు గుంటలో మనిషి చచ్చిపోతే ఆ వార్త ఎక్కడ వేయాలో పత్రికలకు బాగా తెలుసు. జిల్లా పేజీలో ఓ మూల, సింగిల్ కాలమ్. ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి. పేర్లు వేస్తారు, వయసులు వేస్తారు, ఏ ఊరి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చారో రాస్తారు. మృతదేహాలను పోస్టుమార్టానికి తరలించారనీ, పోలీసులు కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారనీ ముగిస్తారు. వాళ్లను అందులోకి దిగమన్నది ఎవరో మాత్రం రాయరు. చదివే మనమూ అడగం. అడిగితే జవాబు మన గుమ్మం దాకా వస్తుందని లోలోపల తెలుసు.

2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని మింగింది. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట డ్రైనేజీలోకి దించిన ఇద్దరు ప్రాణాలతో పైకి రాలేదు. వాళ్లలో ఒకరి శవం కోసం రోజుల తరబడి వెతికారు. అదే ఏడాది నవంబరులో కొండాపూర్‌లో ఓ అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చినవాళ్లలో ఇద్దరు చనిపోయారు. మాదాపూర్, కొండాపూర్ అంటే మారుమూల పల్లెలు కావు. కృత్రిమ మేధ మీద సదస్సులు జరిగే చోట్లు అవి. అక్కడి అద్దాల మేడల కింద పేరుకున్న మలం తీయడానికి మాత్రం ఒక తాడు, ఒక బకెట్, ఒక మనిషి.

ఆ మనిషి ఎలా చనిపోతాడో ఒకసారి తెలుసుకోండి. మూత తెరవగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి కన్నా బరువైన వాయువు, అడుగునే పేరుకుని ఉంటుంది. మోతాదు పెరిగిందంటే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గింది కదా, గ్యాసు పోయి ఉంటుందనుకుని అతను ఇంకో మెట్టు దిగుతాడు. అడుగున మడ్డిని కదిలించేసరికి అందులో ఇరుక్కున్న గ్యాసు ఒక్కసారిగా లేస్తుంది. ఆ గాఢతలో రెండు మూడు సార్లు ఊపిరి పీలిస్తే చాలు, స్పృహ తప్పి ఆ మురుగులోనే బోర్లా పడతాడు. కేక వేసే వ్యవధి కూడా ఉండదు. పైన తాడు పట్టుకుని నిలబడ్డవాడు చాలాసార్లు అతని తమ్ముడో, బావమరిదో, ఊరివాడో అయి ఉంటాడు. "అన్నా, అన్నా" అని పిలిచి, పలక్కపోతే తనూ దిగుతాడు. అందుకే ఈ చావులు జంటగా వస్తాయి. ఒక్కోసారి ముగ్గురు, నలుగురు.

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగి పడిపోయిన ఇద్దరు కూలీలు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. వాళ్లెవరో, ఏ భాష మాట్లాడతారో కూడా తెలియని ఒక మలయాళీ ఆటో డ్రైవర్ వాళ్లను కాపాడబోయి తనూ ప్రాణం పోగొట్టుకున్నాడు. కేరళ అతన్ని గుర్తుపెట్టుకుంది. అక్కడి ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఆ చావులు చూసి కదిలి, మనిషికి బదులు మ్యాన్‌హోల్‌లోకి దిగే బాండికూట్ అనే రోబోను తయారు చేశారు. మరి ఆ ఇద్దరు కూలీలు? సొంత జిల్లాలో పని దొరక్క పరాయి రాష్ట్రపు మురుగులో చచ్చిపోయిన ఆ తెలుగువాళ్ల పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి?

చట్టం లేక ఇదంతా జరుగుతోందా అంటే, ఈ విషయంలో మన దేశంలో ఉన్నన్ని చట్టాలు ఇంకెక్కడా ఉండవేమో. పాకీపనిని నిషేధిస్తూ 1993లో మొదటి చట్టం వచ్చింది. అలాంటి చట్టం చేయమని పార్లమెంటును కోరుతూ తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ఈ నేరం నేరమని ముప్పై ఏళ్ల కిందటే మన శాసనసభకు తెలుసు. చట్టం పుట్టింది 1993లో, అమల్లోకి వచ్చింది 1997లో. అది చాలలేదని 2013లో ఇంకో చట్టం చేసి, అంబేడ్కర్ వర్ధంతి అయిన డిసెంబరు 6న అమల్లోకి తెచ్చారు. తేదీ ఎంచుకోవడంలో మనవాళ్లకు ఎప్పుడూ లోటు లేదు. ఆ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించితే మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షలు. ఏయే పరికరాలు ఇవ్వాలో నియమాల్లో 44 రకాలు రాశారు. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి, దళితుల చేత ఈ పని చేయించడాన్ని అత్యాచారాల జాబితాలో చేర్చారు.

సుప్రీంకోర్టు కూడా ఊరుకోలేదు. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో చెప్పింది. అత్యవసరమైనా సరే, రక్షణ లేకుండా మనిషిని దించడం నేరమేనని చెప్పింది. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగు తీయించడం ఆపాలని ఆదేశించింది.

ఇన్ని ఉన్నాయి కదా. ఇక నేను అడిగేది ఒక్కటే. ఈ ముప్పై ఏళ్లలో ఈ చట్టాల కింద శిక్షపడి, జైలు కూడు తిన్న కాంట్రాక్టరు పేరు మీకు ఒక్కటైనా తెలుసా? ఇంజనీరు పేరు? అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడి పేరు?

పార్లమెంటులో ఈ చావుల గురించి అడిగితే కేంద్ర ప్రభుత్వం చెప్పే జవాబు ఏళ్ల తరబడి ఒక్కటే. చేతులతో మలం ఎత్తే పని వల్ల దేశంలో ఎవరూ చనిపోలేదట. చనిపోయినవాళ్లంతా మురుగు కాలువలనూ సెప్టిక్ ట్యాంకులనూ ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ చనిపోయారట. 2019 నుంచి 2023 దాకా అలా పోయినవాళ్లు 377 మంది అని లెక్క కూడా వాళ్లే చెప్పారు. లెక్కకెక్కనివాళ్ల సంగతి చెప్పేవాళ్లు లేరు. చచ్చినవాడు ఏ పద్దు కింద చచ్చాడో తేల్చడంలో పెట్టిన శ్రద్ధలో పదోవంతు అతను దిగకముందు పెట్టి ఉంటే ఆ పద్దే ఉండేది కాదు.

అదే ప్రభుత్వం 2022, 2023ల్లో జరిగిన 54 చావుల మీద సామాజిక తనిఖీ చేయించింది. అందులో 49 మందికి ఒంటి మీద ఏ రక్షణ పరికరమూ లేదు. నియమాల్లో 44 రకాలు, మనిషి ఒంటి మీద ఒక డ్రాయరు. మన దేశంలో కాగితానికీ నేలకూ ఉన్న దూరం అంత.

ఇప్పుడు అందరూ తప్పించుకునే మాట దగ్గరికి వద్దాం. కులం. దేశమంతటా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసే 38 వేల మంది వివరాలను కేంద్రం సేకరిస్తే వాళ్లలో నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఎస్సీలే 69 మంది దాకా ఉన్నారు. పాకీపని చేస్తున్నవాళ్లని అంతకుముందు గుర్తించిన 58,098 మందిలో కులం వివరాలు దొరికినవాళ్లను చూస్తే నూటికి 97 మంది దళితులు. కోస్తా పట్టణాల్లో తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్లు ఎక్కువగా రెల్లి కులస్థులే ఎందుకయ్యారు? ఏ పోటీ పరీక్ష పెట్టి వాళ్లను ఎంపిక చేశారు? నూటికి నూరు శాతం రిజర్వేషన్ ఇచ్చి, ఎవరూ కోర్టుకెక్కి ప్రశ్నించని ఉద్యోగం దేశంలో ఇదొక్కటే. ప్రతిభకు అన్యాయం జరుగుతోందని గొంతు చించుకునేవాళ్లు మ్యాన్‌హోల్ దగ్గర ఎప్పుడూ కనిపించరు.

గుర్తించిన ఆ 58,098 మందికి పునరావాసం పేరుతో ఒక్కొక్కరికి ఒక్కసారి 40 వేల రూపాయలు ఇస్తామన్నారు. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలు ఊరి మలం ఎత్తిన రుణం 40 వేలకు తీరిపోయింది. ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఓ మంచి ఫోను వస్తుంది.

పేదవాడు ఆ గుంటలోకి ఎందుకు దిగుతాడు, దిగనని చెప్పొచ్చు కదా అని అడిగే తెలివైనవాళ్లు ఉంటారు. నగరపాలక సంస్థ పనిని కాంట్రాక్టరుకు ఇస్తుంది. కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకు ఇస్తాడు. అతను పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డ కూలీని బండెక్కించుకుంటాడు. పని చోటుకు వెళ్లేదాకా ఏం పనో చెప్పడు. "ఏం కాదురా, రెండు నిమిషాల పని, దిగు" అంటాడు. దిగకపోతే ఆ పూట కూలి లేదు, రేపటి నుంచి బండెక్కించుకునేవాడు లేడు. ఒంట్లో మందు పడకుండా ఆ కంపులోకి దిగడం మనిషి వల్ల కాదు, కాబట్టి కాంట్రాక్టరే తాగిస్తాడు. చనిపోయాక తాగి పడిపోయాడని రాయిస్తాడు. ఆ రాత్రే శవం ఇంటికి చేరకముందే భార్య చేతిలో కాస్త డబ్బు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. సుప్రీంకోర్టు 30 లక్షలు అన్నదని ఆమెకు చెప్పేవాళ్లు ఆ బస్తీకి రారు.

మన సంగతీ చూద్దాం. మన అపార్టుమెంటు లిఫ్టుకు ఏడాది పొడవునా నిర్వహణ ఒప్పందం ఉంటుంది. నెలకోసారి మెకానిక్ వచ్చి సంతకం పెట్టి వెళతాడు. లిఫ్టులో మనం ఎక్కుతాం కాబట్టి. సెప్టిక్ ట్యాంకు నిండి పొంగితే మాత్రం సంఘం వాట్సాప్ గ్రూపులో చర్చ ఇలా నడుస్తుంది. మెషీన్ బండివాడు ఎక్కువ అడుగుతున్నాడండీ. పోయినసారి వచ్చినవాళ్లు ఇద్దరు మనుషులతో సగానికే చేశారు కదా, వాళ్లనే పిలవండి. అడుగున మడ్డి పూర్తిగా తీయించండి, సగం సగం పని వద్దు. ఇలా మాట్లాడేవాళ్లెవరూ దుర్మార్గులు కారు. పిల్లల పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టేవాళ్లే. కానీ మెషీన్ వద్దు, మనుషులు చాలు అని బేరం కుదిరిన క్షణంలోనే ఒక మనిషి ప్రాణానికి ధర కట్టేశారు. కొన్ని వేలు మిగిలాయి.

ఇళ్ల దగ్గర ఇది, దేశం మొత్తం మీద ఇంకోటి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఐదేళ్లలో పల్లెల్లో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టామన్నారు. మంచిదే. ఆడపిల్లలు చీకటి కోసం ఎదురుచూడాల్సిన బాధ కొంత తప్పింది. కానీ ఆ దొడ్ల కింది గుంటలు నిండాక ఎవరు తీస్తారన్న ప్రశ్న ఎన్ని వేదికల మీద వినిపించింది? చీపురు పట్టుకుని ఫొటో దిగినవాళ్లలో ఎవరు పార పట్టుకుని గుంటలోకి దిగారు? 2019 కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. కరోనా రోజుల్లో చప్పట్లు కొట్టారు, దండలు వేశారు, దేవుళ్లన్నారు. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగినప్పుడు అదే దేవుళ్ల గురించి మనం మాట్లాడుకున్నది చెత్త పేరుకుపోయి కంపు కొడుతోందనే. పండగ ముందు ఇదేం సమ్మె అని విసుక్కున్నాం. తమ కాళ్లు కడగమని ఆ కార్మికులు ఎన్నడూ అడగలేదు. కాళ్లు మురుగులో పెట్టించొద్దని అడిగారు.

సేవ చేసేవాళ్లు లేరని కాదు. మన ఊళ్లలో సేవకు కరువు లేదు. చలికాలం దుప్పట్లు, పండక్కి చీరలు, ఎండాకాలం చలివేంద్రం, ఏడాదికోసారి పారిశుద్ధ్య కార్మికులకు శాలువాలు, గ్లౌజులు. పంచినవాళ్ల ఫొటోలో పుచ్చుకున్నవాళ్లు తలవంచుకుని ఉంటారు. గ్లౌజులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆపవు. దుప్పటి చనిపోయినవాడి మీద కప్పడానికి పనికొస్తుంది. మనిషిని గుంటలోకి తోసే ఏర్పాటును ముట్టుకోకుండా, తోసినవాడి నుంచే చందా తీసుకుని చేసే సేవ ఆ ఏర్పాటుకే చేసే సేవ.

ఇంకో రకం సేవ ఎలా ఉంటుందో ఈ గడ్డ మీదే చూశాం. ఎస్.ఆర్. శంకరన్ తమిళనాడులో పుట్టి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్‌గా పనిచేశారు. వెట్టిచాకిరీని నిషేధించిన 1976 చట్టాన్ని కాగితం మీద వదిలేయకుండా, ఊళ్లకు వెళ్లి పాలేర్లకు మీరిక బానిసలు కారని చెప్పించారు. ఆ పని పాలకులకు నచ్చలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో, తర్వాత పెన్షన్లో చాలా భాగం దళిత విద్యార్థుల చదువులకు ఇచ్చారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోకుండా, పాకీపనిని ఆపడానికి పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్‌కు అండగా నిలబడ్డారు. 2010 అక్టోబరులో కన్నుమూసేదాకా ఆయన పని అదే.

ఆ ఉద్యమాన్ని నడుపుతున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టారు. చదువుకున్న ఆ కుర్రాడు ఉద్యోగం కోసం పేరు నమోదు చేసుకోవడానికి వెళ్తే, అతని కులం చూసి ఆ పనే అతనికి తగిన పనిగా చూపించారు. అతను గనుల పట్టణంలోని పాకీదొడ్లను ఫొటోలు తీశాడు. అవి లేవని బుకాయించిన అధికారుల ముందు సాక్ష్యంగా పెట్టాడు. 2003లో వాళ్ల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు రావడానికి 11 ఏళ్లు పట్టింది. ఆ 11 ఏళ్లూ రాష్ట్రాలు తమ దగ్గర పాకీపనే లేదని ప్రమాణపత్రాలు ఇస్తుంటే, వీళ్లు ఊరూరా తిరిగి ఏ వీధిలో ఎవరు ఎత్తుతున్నారో పేర్లతో సహా కోర్టు ముందు పెట్టారు. 2015 డిసెంబరులో అసోంలోని డిబ్రూగఢ్ నుంచి బయల్దేరి 125 రోజులు దేశమంతా తిరిగి, మమ్మల్ని చంపడం ఆపండని ఢిల్లీలో కూర్చుని అడిగారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వస్తే తెలుగువాడని మురిసిపోయాం. ఆయన అడిగినదాన్ని మాత్రం పట్టించుకోలేదు.

మెషీన్లు ఇరుకు సందుల్లోకి వెళ్లవన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2017లో హైదరాబాద్ జలమండలే ఇరుకు వీధుల్లో తిరిగే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి, వాటికి దళిత యువకులనే యజమానులను చేసింది. తాతను గుంటలోకి దించిన నగరం మనవడి చేతికి స్టీరింగ్ ఇచ్చింది. ఢిల్లీ వాళ్లు వచ్చి చూసి, 2019లో అలాంటివే 200 తెచ్చుకున్నారు. అంటే దారి తెలుసు, యంత్రం ఉంది, చట్టం ఉంది. ఆ యంత్రాలు ఉన్న నగరంలోనే సాహెబ్‌నగర్ జరిగింది, కొండాపూర్ జరిగింది. యంత్రం కన్నా మనిషి చవక కాబట్టి జరిగింది. ఆ చవకతనం ఎవరు నిర్ణయించారో మనకు తెలుసు కాబట్టి, అది మనకు లాభం కాబట్టి, నోరు మెదపం.

సానుభూతి వద్దు. పనులు చెబుతాను, చేయండి. మీ అపార్టుమెంటు సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానం రాయండి. మన ట్యాంకులోకి, మన డ్రైనేజీలోకి ఏ మనిషీ దిగడు, ఎంత ఖర్చయినా యంత్రమే వస్తుంది అని. అందరి చేతా సంతకాలు పెట్టించండి. ట్యాంకు నిండితే 14420కి ఫోన్ చేసి బండి అడగండి. మీ వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసి మనిషిని దించుతుంటే ఆగండి. ఫొటో తీయండి, పని ఆపించండి, 112కి ఫోన్ చేయండి. మనకెందుకు అనుకుని దాటిపోతే ఆ తర్వాత జరిగేదానికి మీరు సాక్షి మాత్రమే కారు, భాగస్వామి. ఎక్కడైనా ఒకరు చనిపోతే ఎఫ్ఐఆర్‌లో 2013 చట్టం, అత్యాచారాల నిరోధక చట్టం పెట్టారో లేదో అడగండి. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న ఒక్క సెక్షన్‌తో సరిపెడితే ఊరుకోకండి. చదువుకున్నవాళ్లు, లాయర్లు, రిటైరైన ఉద్యోగులు ఆ భార్యతో పాటు తహసీల్దారు ఆఫీసుకు, కలెక్టరేటుకు నడవండి. 30 లక్షలు ఆమె ఖాతాలో పడేదాకా నడవండి. మీ సేవ ఏదైనా ఉంటే అది అక్కడ ఖర్చు పెట్టండి. ఓటు అడగడానికి వచ్చిన కార్పొరేటర్‌ను, ఎమ్మెల్యేను మా వార్డుకు ఎన్ని యంత్రాలున్నాయని అడగండి.

యంత్రం దొరికేదాకా ఏం చేయాలంటారా? పొంగనివ్వండి. ట్యాంకు నిండి మెట్ల కిందికి, పార్కింగులోకి, మీ కారు టైర్ల దాకా వస్తే రానివ్వండి. రెండు రోజులు ముక్కు మూసుకుని తిరగండి. ఆ కంపు మనది. దాన్ని భరించాల్సింది మనమే. ఇంకొకడి ఊపిరితో కాదు.